అప్‌డేట్: మా పిల్లికి స్నానం మానేశాం

బకెట్ చూస్తేనే మా పిల్లి బీరువా కింద దూరుతోంది, ఏం చేయాలని పోయిన వారం అడిగాను కదా. హన్మకొండ నుంచి. "వదిలెయ్యండి" అన్నారు చాలామంది. వదిలేశాం.

పెంపుడు పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల అడవిపిల్లులనీ, వాటికి నీళ్లతో పెద్దగా పని పడలేదనీ ఒకరు చెప్పారు. నిజమే గానీ, నాకు బొచ్చు సంగతే అసలు కారణం అనిపించింది. లోపలి మెత్తటి బొచ్చు నీళ్లు పీల్చుకుంటే ఒళ్లు బరువెక్కుతుంది, తొందరగా ఆరదు, చలేస్తుంది. మొన్న వానలో తడిసొచ్చి, గడప దగ్గర కూర్చుని ఒక్కో కాలూ విదిలించి గంటసేపు నాక్కుంది. మేం చేయించే స్నానం కన్నా శుభ్రంగా!

తోకకు అంటిన బండి ఆయిల్ మాత్రం అట్లనే ఉంది. అది నాకితే కడుపులోకి పోతుందని పశువుల డాక్టర్ హెచ్చరించారు. నాయనమ్మ పట్టుకుంటే, పిల్లుల షాంపూ కొంచెం రాసి, గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో తోక ఒక్కటే తుడిచాను. ఒకే ఒక్క గీరుడు, అదీ నాకే.

విచిత్రమేంటంటే, వాకిట్లో నల్లా చుక్కలు కారుతుంటే పంజాతో కొడుతూ ఆడుకుంటుంది. అందుకే ఆ వాషర్ ఇంకా మార్పించలేదు.