అప్‌డేట్: చుట్టాలొస్తే మీదికెళ్లే మా జర్మన్ షెపర్డ్

ఇంటికి ఎవరొచ్చినా మా జర్మన్ షెపర్డ్ కుక్క మీదికి ఉరుకుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. ముందు డాక్టరుకి చూపించమన్నవాళ్లకు చాలా థాంక్స్. ఎక్స్‌రేలో తుంటి కీళ్ల సమస్య బయటపడింది. ఈ జాతిలో అది తరచూ వచ్చేదే. పాపం, ఎవరైనా తాకితే నొప్పి పుడుతుందని ముందే బెదిరించేదేమో! మందులు మొదలయ్యాక చిరాకు బాగా తగ్గింది.

చుట్టాలొచ్చే ముందే దాన్ని లోపలి గదిలో, గేటు వెనక ఉంచుతున్నాం. వాళ్లు దాని కళ్లలోకి చూడకుండా కూర్చుంటారు. అది మొరగకుండా ఉండగలిగే దూరంలోనే, మనిషి కనబడగానే ఉడికించిన చికెన్ ముక్క పెడతాం. గుర్రుమంటే తిట్టడం పూర్తిగా మానేశాం. ఆ హెచ్చరికను అణిచేస్తే చెప్పకుండానే కరవచ్చు. రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్టలాంటి మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) కూడా మెల్లగా అలవాటు చేస్తున్నాం.

చిన్నపిల్లలొస్తే మాత్రం, ఎవరేమనుకున్నా, గేటు తీయం.