సరదాకి తీసిన ఫొటోలు అమ్మితే అది వ్యాపారమేనా? పన్ను, అనుమతుల గొడవ

వాననీడ:
ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు కెమెరా మెడలో వేసుకుని తిరిగే మనిషిని నేను. మొన్న మా ఆఫీసులో సిబ్బంది తీసిన ఫొటోల ప్రదర్శన పెడితే నావి 12 ప్రింట్లు తగిలించాను. అందులో ఒకటి, వానలో బస్సు కోసం ఎదురు చూస్తున్న ఒకావిడది. గాలికి గొడుగు సగం తిరగబడింది, ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది, చెవి తమ్మె మీద రాలబోతున్న నీటిబొట్టు కూడా కనిపిస్తుంది. ఆ ఒక్క ఫొటో కావాలని ఐదుగురు అడిగారు. ప్రింటు, ఫ్రేము ఖర్చు మీద కాస్త వేసుకుని ఇచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్తే రెండే ప్రశ్నలు అడిగింది. "దీనికి పన్ను కట్టక్కర్లేదా? ఆవిణ్ణి అడిగే అమ్మావా?" నా దగ్గర రెండిటికీ జవాబు లేదు.

నా వాదన ఏంటంటే, ఇది హాబీ. లెన్సులకి తగలేసినదాంట్లో పదో వంతు కూడా వెనక్కి రాలేదు. ఇంత నష్టంలో ఉన్నవాణ్ణి పట్టుకుని వ్యాపారి అంటారా? మనవాళ్లు తలో దేశంలో ఉన్నారు కాబట్టి నేనెక్కడుంటానో చెప్పట్లేదు. ఎవరికి తెలిసిన పద్ధతి వాళ్లు చెప్పండి, అసలు సూత్రం ఏంటో చూద్దాం.

ట్రైపాడ్ తాత:
ఐదు ప్రింట్లకి ఇంత గాభరా ఎందుకు బాబూ! ఏ పన్నుల ఆఫీసు వాడూ నీ తలుపు కొట్టడు. నేను ముప్పై ఏళ్లుగా అడిగినవాళ్లకి ఇస్తున్నాను, ఇచ్చింది పుచ్చుకుంటున్నాను. హాయిగా తీసుకో ఫొటోలు.

పద్దుపుస్తకం:
తాతగారూ, తలుపు కొట్టకపోవడం వేరు, కట్టక్కర్లేకపోవడం వేరు.

వాననీడ గారూ, "హాబీ" అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని అనుకుంటున్నారు. అమెరికాలో అది సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ హాబీ మీద వచ్చిన డబ్బు కూడా ఆదాయమే, రిటర్నులో చూపించాల్సిందే. పోనీ ఖర్చులు తీసేసుకుందామా అంటే, 2017లో చేసిన పన్ను చట్టం 2018 నుంచి ఆ వీలు తీసేసింది. మళ్లీ వస్తుందేమోనని చూసినవాళ్లకి 2025 చట్టం ఆ ఆశ కూడా లేకుండా చేసింది. అంటే 1,000 డాలర్లు వచ్చి 3,000 ఖర్చయినా, పన్ను లెక్క ఆ 1,000 మీదే. అదే వ్యాపారమని నిలబెట్టగలిగితే ఖర్చులు తీసేయొచ్చు, నష్టం కూడా చూపించొచ్చు. కాకపోతే నికర లాభం 400 డాలర్లకి చేరితే స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం మీద పడుతుంది.

కాబట్టి హాబీ అనేది గొడుగే గానీ మీ ఫొటోలో ఆవిడ గొడుగులాంటిది. సగం తిరగబడే ఉంది.

చీకటిగది:
పద్దుపుస్తకం గారూ, ఒక చోట తొందరపడ్డారు. అమెరికాలో హాబీకి ఖర్చులు తీయకూడదన్నది నిజమే, కానీ అమ్మిన వస్తువు అసలు ఖరీదు వేరే లెక్క. ఆ ప్రింటు కాగితం, ఆ ఫ్రేము, అంటే కొన్నవాడి చేతిలోకి వెళ్లిపోయినవాటి ఖరీదు వసూళ్లలోంచి ముందే తీసేయొచ్చు. తీయకూడనివి కెమెరా, లెన్సు, పెట్రోలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చందా లాంటివి. ప్రింట్లు అమ్మేవాడికి ఇది చిన్న తేడా కాదు. డిజిటల్ ఫైలు అమ్మేవాడికి మాత్రం తీసేయడానికి ఏమీ మిగలదు పాపం.

రెండోది, ఒక్క దేశం చూపించి లోకమంతా ఇంతే అంటే ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో నిజంగా హాబీ అయితే ఆ డబ్బు ఆదాయం కిందికే రాదు, చూపించక్కర్లేదు. ఖర్చులూ అడగకూడదు, అంతే. జర్మనీలో దీనికి ఒక పాత మాటే ఉంది, "లీబ్‌హాబెరై". ఎన్నేళ్లు చేసినా లాభం వచ్చేట్టు లేదు, సొంత సరదాకే చేస్తున్నాడని తేలితే వచ్చింది పట్టించుకోరు, నష్టాన్ని జీతంలోంచి తీయనివ్వరు. కెనడాలో 2002లో స్టీవర్ట్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని రెండు మెట్లుగా చెప్పింది. ఇది లాభం కోసం చేసే పనా, సొంత వ్యాపకమా అన్నది మొదటి మెట్టు. లాభం కోసమే అయితే వ్యాపారమా, ఆస్తి మీద వచ్చేదా అన్నది రెండోది. అంటే వాననీడ గారి వాదనకి చాలా చోట్ల దమ్ముంది.

పద్దుపుస్తకం:
కాగితం, ఫ్రేముల మాట ఒప్పుకున్నాను, నాదే పొరపాటు. కానీ రెండో మాటలో మీరే నా పక్షం వచ్చారు, చూసుకోండి. ఆస్ట్రేలియాలో, జర్మనీలో "నిజంగా హాబీ" అని తేల్చేదెవరు? మీ మనసు కాదు, మీ నడవడిక. ధరల పట్టిక పెట్టారా, వెబ్‌సైటులో "కొనండి" అని బటన్ పెట్టారా, అదే ఫొటో మళ్లీ మళ్లీ ప్రింటు వేయించారా, ఇవీ చూసేవి. అమెరికా నిబంధనల్లో ఇందుకు తొమ్మిది అంశాలున్నాయి. లెక్కలు పద్ధతిగా రాస్తున్నారా, ఎంత సమయం పెడుతున్నారు, ఎన్నేళ్లు లాభం వచ్చింది, ఇలా. చివరి అంశం ఏంటో తెలుసా? ఆ పనిలో మీకు సొంత ఆనందం ఉందా అని! సంతోషంగా ఫొటోలు తీయడం కూడా వ్యాపారమన్న వాదనకి వ్యతిరేక సాక్ష్యమే. ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపిస్తే మాత్రం వ్యాపారమనే అనుకుంటారు, కాదని చూపించే భారం అవతలివాళ్ల మీద పడుతుంది.

నేను చూసిన గొడవల్లో సగం ఒకటే రకం. వచ్చిన డబ్బు దాచినందుకు కాదు, లెన్సుల నష్టాన్ని జీతం మీద పన్నులోంచి తగ్గించుకోబోయి దొరికినవాళ్లు. డబ్బు వచ్చినప్పుడు హాబీ, నష్టం వచ్చినప్పుడు వ్యాపారం. ఏ ఎండకా గొడుగు పడితే ఎలా?

సముద్రపు గాలి:
మా బ్రిటన్ పద్ధతి ఇంతకంటే సులువు. 2017 ఏప్రిల్ నుంచి ఏడాదికి 1,000 పౌండ్ల దాకా చిల్లర వ్యాపార ఆదాయానికి మినహాయింపు ఉంది. మామూలుగా ఆ లోపైతే చెప్పక్కర్లేదు కూడా. మా కెమెరా క్లబ్బులో సగం మంది పొరబడేది ఒక్కచోట. ఆ 1,000 లాభం కాదు, మొత్తం వసూళ్లు. 1,300కి అమ్మి 900 ఖర్చయితే "నాకు 400 మిగిలింది, లోపే ఉన్నా" అనుకుంటారు. కాదు, దాటేశారు. ఆ పన్ను ఏడాది ముగిశాక వచ్చే అక్టోబరు 5 లోపు నమోదు చేసుకోవాలి. తర్వాత 1,000 మినహాయింపు తీసుకుంటారా, అసలు ఖర్చులు చూపిస్తారా అన్నది మీ ఇష్టం, రెండూ కుదరవు. పై లెక్కలో 1,000 తీసుకోవడమే మేలు.

మూడోకన్ను:
అందరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. వాళ్లావిడ అడిగిన రెండో ప్రశ్న సంగతేంటి? "ఆవిణ్ణి అడిగావా?"

నా మాట సూటిగా చెప్తాను. బహిరంగ స్థలంలో తీసిన మనిషి ఫొటోని గోడ మీద పెట్టుకునే ప్రింటుగా అమ్మడం తప్పు కాదు. ఫిలిప్ లోర్కా డికోర్షియా అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో దారినపోయేవాళ్లని వాళ్లకి తెలియకుండా తీశాడు. ఒక్కో ఫొటో 10 ప్రింట్లు, ఒక్కొక్కటి 20,000 నుంచి 30,000 డాలర్లకి అమ్ముడుపోయింది. అందులో ఉన్న ఒక పెద్దాయన మత విశ్వాసాలకి విరుద్ధమని దావా వేశాడు. 2006లో కోర్టు అది కళ, వ్యాపార వాడకం కాదు పొమ్మంది. అంత డబ్బుకి అమ్మినా! అమ్మడం వేరు, ఒక సరుకు అమ్ముడుపోవడానికి మనిషి మొహం వాడుకోవడం వేరు. మనిషి బొమ్మని అడక్కుండా వ్యాపారానికి వాడుకోకూడదనే చట్టం న్యూయార్క్‌లో పుట్టిందే అలాంటి గొడవలోంచి. ఒక అమ్మాయి బొమ్మని ఆమెకి చెప్పకుండా పిండి ప్యాకెట్ల ప్రకటనకి 25,000 కాపీలు అచ్చు వేశారు. 1902లో ఆమె కేసు ఓడిపోయింది. జనం మండిపడితే 1903లో చట్టం తెచ్చారు.

చీకటిగది:
మూడోకన్ను గారూ, ఆ టైమ్స్ స్క్వేర్ కథలో సగమే చెప్పారు. 2007లో న్యూయార్క్ రాష్ట్రంలోని అత్యున్నత కోర్టు ఆ పెద్దాయన దావాని కొట్టేసింది గడువు దాటాక వేశాడని. కళ మాట అక్కడ తేల్చలేదు.

పైగా సరిహద్దు దాటి కెనడాలోని క్యుబెక్ రాష్ట్రానికి వెళ్లండి. ఒక 17 ఏళ్లమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంటే ఒకతను ఫొటో తీశాడు, ఒక కళల పత్రిక వేసింది. అమ్ముడైంది 722 కాపీలు. ఆ అమ్మాయి స్నేహితులు చూసి నవ్వారు. 1998లో కెనడా సుప్రీంకోర్టు ఆమెకి 2,000 డాలర్లు ఇప్పించింది. మొహం గుర్తుపట్టేలా ఉండి, అదే ఫొటోకి ప్రధానమైతే, అనుమతి కావాల్సిందే అంది. క్యుబెక్ చట్టం ప్రకారం మరి.

జర్మనీలో ఇంకా పాతది, 1907 చట్టం. మనిషి బొమ్మ బయటపెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, మినహాయింపులు విడిగా ఉన్నాయి. దాని వెనక కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1898లో జర్మనీ మాజీ చాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కిటికీలోంచి ఆ గదిలోకి చొరబడి, శవాన్ని ఫొటో తీసి, దాన్ని అమ్మకానికి పెట్టారు.

మూడోకన్ను:
శవం ఉన్న గదిలోకి చొరబడ్డవాడికీ బస్టాపులో నిలబడ్డవాడికీ పోలికా! సరే, క్యుబెక్ సంగతి తెలియదు, నేర్చుకున్నాను. అయినా చెప్తున్నాను, ఆవిడ మొహం పక్కకి ఉందిగా. గుర్తుపట్టేలా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

సగటు క్లిక్:
నేను ఇండియాలో ఉండి విదేశీ స్టాక్ సైట్లకి, అంటే ఫొటోలు వాడుకునే హక్కు అమ్మిపెట్టే సైట్లకి, ఫొటోలు పెడతాను. రెండు ముక్కలు చెప్తాను, పనికొస్తాయి.

ఒకటి, మోడల్ రిలీజ్, అంటే ఫొటోలో ఉన్న మనిషి వాడుకోమని సంతకం చేసిచ్చే కాగితం. అది లేకపోతే మొహం ఉన్న ఫొటోని "ఎడిటోరియల్" కిందే తీసుకుంటారు, అంటే వార్తలకి, వ్యాసాలకి. ప్రకటనలకి పోదు. రాత్రి ఈఫిల్ టవర్ అయితే మనిషి లేకపోయినా అంతే. కట్టించిన ఈఫిల్ 1923లో పోయాడు కాబట్టి కట్టడం మీద కాపీరైట్ ఎప్పుడో తీరింది, పగటి ఫొటోకి చింత లేదు. రాత్రి దీపాల అలంకరణ మీద మాత్రం హక్కులున్నాయంటారు.

రెండు, అమెరికా సైటు అయితే మనం అమెరికావాళ్లం కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ అని ఒక పన్ను ఫారం ఉంటుంది. బద్ధకించి నింపకుండా వదిలేశాను. అమెరికాలో కొన్నవాళ్ల తాలూకు రాయల్టీలో 30 శాతం కోసేసి పంపారు. పాన్ నంబరు వేసి నింపితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతమే పోతుంది. ఆ 15కి ఇక్కడి రిటర్నులో లెక్క చూపించుకోవచ్చు. ఇండియాలో మాత్రం "హాబీ" అని రాసుకోవడానికి ప్రత్యేకంగా గడి ఏమీ లేదు. వ్యాపారం కాకపోతే ఇతర ఆదాయం.

కొత్తకెమెరా:
ఇంతకీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా స్నేహితుడి పెళ్లికి తీసిపెట్టాను, మొహమాటపడుతూనే డబ్బు తీసుకున్నాను. తర్వాత ఆ ఫొటో ఒకటి నా పేజీలో పెట్టి, ప్రింట్లు కావాలంటే చెప్పండి అన్నాను. వాడు ఫోన్ చేసి "నా పెళ్లాం ఫొటో అమ్ముతున్నావేంట్రా" అన్నాడు. ఏడాదిగా మాటల్లేవు. ఫొటో నాది కాదా?

చీకటిగది:
అదీ దేశాన్ని బట్టే తమ్ముడూ. ఇండియా 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు అడిగి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వాళ్లే. నువ్వు ఊరికే తీసిపెట్టి ఉంటే నీదయ్యేది! బ్రిటన్‌లో హక్కు తీసినవాడిదే గానీ, 1988 చట్టం 85వ సెక్షన్ ప్రకారం సొంత అవసరానికి తీయించుకున్న ఫొటోని వాళ్లు వద్దంటే బయట పెట్టకూడదు. ముందు వాడికి ఫోన్ చెయ్యి. సెక్షన్లు తర్వాత చూసుకోవచ్చు.

వాననీడ:
అందరికీ థాంక్స్. ఇవాళ ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. మొహం పక్కకి ఉన్నా తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇచ్చిన ఐదూ ఇచ్చేశాను, ఆరోది వేయించను. ఆవిడ రోజూ అదే బస్సు ఎక్కుతుందేమో, రెండు రోజులు పెందలాడే వెళ్లి చూస్తాను. కనిపిస్తే ఒక ప్రింటు ఇచ్చి అడుగుతాను. ఐదు అమ్మకాలూ తేదీ, మొత్తం, ఫ్రేము ఖర్చుతో సహా నోటుపుస్తకంలో రాశాను. మా దేశంలో పరిమితి చూసుకున్నాను, లోపే ఉన్నాను.

పద్దుపుస్తకం:
ఫ్రేములు కొన్న రశీదులున్నాయా?

వాననీడ:
ఒకటి దొరికింది. మిగతావి వెతుకుతున్నాను.

ట్రైపాడ్ తాత:
పద్దుపుస్తకం బాబూ, చిన్న అనుమానం. పోయినేడు నా పాత లెన్సు ఒకటి అమ్మాను. సొంతానికి వాడుకున్నదే. దానికేం లేదు కదా?

పద్దుపుస్తకం:
కొన్న ధర కంటే తక్కువకే అమ్మి ఉంటారు కాబట్టి సాధారణంగా ఏమీ ఉండదు తాతగారూ.

ట్రైపాడ్ తాత:
అదే... నాలుగు రెట్లకి పోయింది. సేకరించేవాడెవడో ఎగబడి కొన్నాడు.

పద్దుపుస్తకం:
దానికి వేరే చర్చ మొదలెట్టండి.