‘ఇన్ ద ఫేడ్’ ముగింపు: బాంబును ఒకసారి వెనక్కి తీసిన కాత్యా మళ్లీ ఎందుకు వెళ్లింది?

ప్రశ్న

ఫాతిహ్ అకిన్ తీసిన 2017 నాటి జర్మన్ చిత్రం ‘ఇన్ ద ఫేడ్’ను నిన్న రెండోసారి చూశాను. హాంబర్గ్‌లో భర్తనూ చిన్న కొడుకునూ మేకుల బాంబుకు పోగొట్టుకున్న కాత్యా, నేరం నిస్సందేహంగా రుజువు కాలేదంటూ నవనాజీ దంపతులను కోర్టు వదిలేశాక, వారిని వెతుక్కుంటూ గ్రీస్ సముద్రతీరానికి వెళ్తుంది. వారి క్యారవాన్ కింద బాంబు పెట్టి, దూరం నుంచి కాచుకుని ఉండి, బండి మీద ఒక చిన్న పిట్ట వాలడం చూసి దాన్ని వెనక్కి తీసేస్తుంది. తర్వాత అదే బాంబును ఒంటికి తగిలించుకుని లోపలికి నడుస్తుంది. పిట్టను చంపడానికి చేతులు రాని మనిషి ఇంత పని ఎలా చేయగలిగింది?

జవాబు 1

పిట్ట మీద జాలి కలిగిన మాట నిజమే గానీ, దూరం నుంచి మీట నొక్కితే తాను బతికి ఉండాల్సి వస్తుందన్నదే నాకు అసలు కారణంగా తోస్తుంది. స్నానాల తొట్టిలో మణికట్లు కోసుకున్న దృశ్యాన్ని గుర్తు చేసుకోండి. నిందితులు దొరికారని లాయరు డానిలో ఫోన్‌లో చెప్పిన కబురే ఆ రోజు ఆమెను నెత్తుటి నీళ్లలోంచి లేపింది. విచారణ కోసం నిలుపుకున్న ప్రాణం అది, విచారణ ముగిశాక దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

జవాబు 2

పై అభిప్రాయంతో సగమే ఏకీభవిస్తాను. పేలుడు తర్వాత ఆగిపోయిన నెలసరి గ్రీస్‌లో తిరిగి మొదలవుతుంది. అప్పీలుకు గడువు దాటిపోతోందని డానిలో ఫోన్ చేస్తాడు. ఒక పక్క శరీరం బతకడానికి సిద్ధపడుతోంది, మరో పక్క చట్టం తలుపు ఇంకా మూసుకోలేదు. దర్శకుడు ఈ రెండింటినీ చూపించాకే ఆమెను క్యారవాన్‌లోకి పంపాడు. వేరే దారి లేకనే అలా చేసిందని మనం సరిపెట్టుకునే వీలు లేదు, నన్ను ఇంతగా బాధపెట్టిందీ అదే.

జవాబు 3

నాకు మింగుడుపడనిది చివరి పేలుడు తర్వాత తెర మీద కనిపించే అక్షరాలు. 2000 నుంచి 2007 వరకు పది మందిని చంపిన ఎన్‌ఎస్‌యూ అనే నవనాజీ ముఠాను అవి ప్రస్తావిస్తాయి. ఆ పది మందిలో ఎనిమిది మంది టర్కీ మూలాలవారు, ఒకరు గ్రీకు, ఒకరు మహిళా పోలీసు. 2011లో ముఠా బయటపడేదాకా పోలీసులు హతుల కుటుంబాలనే అనుమానిస్తూ వచ్చారు. భర్త పాత మాదకద్రవ్యాల కేసు గురించి కాత్యాను గుచ్చి గుచ్చి అడిగే సన్నివేశానికి మూలం అక్కడే ఉంది. అయితే ఆ కుటుంబాలేవీ బాంబు పట్టుకోలేదు. 2013 మే నుంచి 2018 జూలై వరకు మ్యూనిక్ కోర్టులో, తమవారిని చంపిన కేసులో ఆ ముఠాకు చెందిన ప్రధాన నిందితురాలి ఎదుట కూర్చుని, తమ వాదన వినిపిస్తూ వచ్చాయి. కాత్యా దుఃఖాన్ని నేను పూర్తిగా నమ్మాను, ఆ పాత్ర వేసిన డయాన్ క్రూగర్ ముఖం నమ్మించింది. కానీ ఆమె చేసిన పని పక్కన ఆ కుటుంబాల కథను పెట్టడం వారికి అన్యాయమనే అనిపిస్తోంది.