పక్క మేడ మీద సెల్ టవర్ లేస్తోంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కాలువగట్టు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, మూడో అంతస్తులో ఉంటాం. పోయిన ఆదివారం నుంచి పక్క మేడ మీద టవర్ బిగిస్తున్నారు. మా బాల్కనీకి పాతిక మీటర్లు ఉంటుందేమో. మా ఆవిడకు ఐదో నెల. మా అత్తగారు రోజూ ఫోన్ చేసి "ఇల్లు మారండి, పుట్టబోయే బిడ్డ సంగతి చూసుకోరా" అని ఒకటే పోరు. వాట్సాప్‌లో వచ్చేవి చదివి నాకూ నిద్ర పట్టడం లేదు. ఫోన్ వెనక అంటించే రేడియేషన్ చిప్ అని 1,499 రూపాయలకు ఒక స్టిక్కర్ అమ్ముతున్నారు, తీసుకోమంటారా? వైఫై రూటర్ రాత్రిళ్లు ఆపెయ్యాలా? ఎవరికైనా ఇలాంటిది జరిగితే ఏం చేశారో రాయండి.

మిరపతోట:
మా వీధిలో అందరం సంతకాలు పెట్టి, రెండుసార్లు ధర్నా చేసి పని ఆపించాం బ్రో. స్వీట్లు కూడా పంచుకున్నాం. ఇప్పుడు ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత రాదు. ఓటీపీ కోసం మెట్ల మీదికి పోవాలి. గెలిచామో ఓడామో ఇప్పటికీ తెలీదు.

డ్రైవ్‌టెస్ట్_బాబాయ్:
మిరపతోట గారూ, ఓడారు. ఎందుకో చెప్తాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని నాది, కారులో మీటర్లు పెట్టుకుని ఊళ్లు తిరగడం.

టవర్ మీద నిలువుగా, పొడుగ్గా, పలకల్లా కనిపించేవే యాంటెన్నాలు. అవి తరంగాల్ని టార్చిలైటులా ముందుకి, కాస్త కిందికి వంచి వేస్తాయి. టవర్ కాళ్ల దగ్గర ఉన్నవాడి మీద పడేది తక్కువ. అందుకే ఏ మేడ మీద టవర్ ఉందో ఆ ఇంటివాళ్ల కన్నా ఎదురుగా అదే ఎత్తులో కిటికీ ఉన్నవాళ్ల సంగతే ముందు చూస్తాం. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక చేతిలో ఫోను. 4జీ ఫోను ఎంత గట్టిగా అరిచినా 0.2 వాట్లే. టవర్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. కానీ అది ఉండేది చెవికి ఆనించి. పైగా సిగ్నల్ బాగుంటే గుసగుసలాడుతుంది, సిగ్నల్ లేకపోతే గొంతు చించుకుంటుంది. సంతలో అవతలి కొసన ఉన్నవాణ్ణి పిలవాలంటే ఎలా అరుస్తామో అలాగే. టవర్ తీయించిన వీధిలో జనం తలకి తగిలేది పెరుగుతుందే గానీ తగ్గదు. మీరు మెట్ల మీద నిలబడి, ఒక్క గీత సిగ్నల్‌తో పావుగంట మాట్లాడారంటే లెక్క మీరే వేసుకోండి.

పరిమితుల సంగతి: రేడియేషన్ పరిమితులు చెప్పే ఇక్నిర్ప్ అనే అంతర్జాతీయ సంఘం, ఫోన్లు వాడే 900 మెగాహెర్ట్జ్ తరంగాల దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్ల దాకా పర్లేదంది. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని పదో వంతు చేశారు, అంటే 0.45. ఫోన్లకి సార్ విలువ (ఫోను తరంగాల్లో ఒళ్లు పీల్చుకునేదెంతో చెప్పే లెక్క) కిలోకి 1.6 వాట్లు మించకూడదనే నిబంధనా అప్పుడే వచ్చింది. *#07# నొక్కండి, మీ ఫోనుది కనిపిస్తుంది.

కాలువగట్టు గారూ, అనుమానం తీరాలంటే తరంగ్ సంచార్ అని టెలికాం శాఖ పోర్టల్ ఉంది, 2017లో మొదలెట్టారు. మీ చుట్టుపక్కల టవర్లు అందులో చూసుకోవచ్చు. 4,000 రూపాయలు కడితే వాళ్లే మీటరుతో వచ్చి కొలుస్తారు. స్టిక్కరుకు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

నిప్పుకణిక:
బాబాయ్ గారు టవర్ల జీతం తింటారు కాబట్టి టవర్లనే మోస్తారు, తప్పు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లే 2011లో దీన్ని కేన్సర్ జాబితాలో పెట్టారు. గ్వాలియర్‌లో ఒకాయన కేన్సర్ వచ్చిందని కోర్టుకెళ్తే సుప్రీంకోర్టు 2017లో ఆ టవర్ ఆపించింది. ఊరికే ఆపిస్తారా?

డ్రైవ్‌టెస్ట్_బాబాయ్:
జీతం తింటాను, నిజమే. ఆ యాంటెన్నాల ముందు మీ అందరికన్నా ఎక్కువసేపు నిలబడేదీ నేనే. యాంటెన్నాకి అడుగు దూరంలో పని చెయ్యాల్సొస్తే ముందు పవర్ ఆపిస్తాం, అక్కడ నిజంగానే ఒళ్లు వేడెక్కుతుంది. పాతిక మీటర్ల అవతల ఆ సంగతి లేదు.

పీజీ_రెండో_ఏడు:
కమ్యూనిటీ మెడిసిన్ చదువుతున్నాను, నాకు తెలిసింది రాస్తా.

2011 మేలో ఈ తరంగాల్ని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కేన్సర్ పరిశోధన విభాగం) పెట్టింది '2బి' అనే గుంపులో. దానర్థం 'కారకం కావచ్చేమో, రుజువు చాల్లేదు' అని. అదే గుంపులో కలబంద మొత్తం ఆకు రసం ఉంది, ఊరబెట్టిన కూరగాయలున్నాయి (మన ఆవకాయ కాదు లెండి, చైనా, కొరియా, జపాన్ వైపు పులియబెట్టేవి). ఆ జాబితా రుజువు ఎంత గట్టిదో చెప్తుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది. 1994 నుంచి 2022 దాకా వచ్చిన 63 పరిశోధనలు కలిపి చూస్తే మొబైల్ వాడకానికీ మెదడు కేన్సర్‌కీ సంబంధం కనిపించలేదు, పదేళ్లకు మించి వాడినవాళ్లలో కూడా. గ్వాలియర్‌ది కోర్టు ఒక కేసులో ఇచ్చిన ఆదేశం. జబ్బు టవర్ వల్లే వచ్చిందని శాస్త్రం తేల్చడం వేరే సంగతి.

కాలువగట్టు గారూ, ఐదో నెల అంటున్నారు, టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో చూసేది) అయిందా? 18 నుంచి 22 వారాల మధ్య చేయించాలి. ఐరన్ మాత్రలు, బీపీ, షుగర్ టెస్టు, ఇవి చూసుకోండి ముందు.

సీతమ్మవాకిలి:
నేను రెండేళ్లు బాధపడ్డాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా. మా ఎదుటి డాబా మీద టవర్ పెట్టాక తలనొప్పి, నిద్ర లేకపోవడం మొదలైంది. అందరూ టవరే అన్నారు, నేనూ అదే అన్నాను. స్కానింగులు తీయిస్తే ఏమీ లేదన్నారు. "నీకు భ్రమ" అన్నాడు మావారి స్నేహితుడొకడు, అతని మీద కోపం ఇంకా పోలేదు.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "అమ్మా, ఒక నోటుబుక్కు పెట్టుకో, తలనొప్పి వచ్చిన రోజు, టైము రాయి, ఇంకేం రాయకు" అన్నాడు. పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ మీదే రాశాను. నెల తిరిగేసరికి చూస్తే తలనొప్పి వచ్చినవన్నీ కరెంటు పోయిన రాత్రులు! టవర్ తాలూకు జనరేటర్ సరిగ్గా మా పడకగది కిటికీకి ఎదురుగా ఉంది. అది మొదలైతే బల్ల మీద గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతాయి, డీజిల్ పొగ దోమతెరలోంచి లోపలికొస్తుంది. రెండేళ్లూ ఆ శబ్దం వింటూనే ఉన్నాను, దాన్ని అనుమానించాలని తట్టలేదు.

ఆ మేడ ఓనర్‌కి, టవర్ వాళ్లకి రాతపూర్వకంగా ఇచ్చాం. తిప్పి తిప్పి నాలుగు నెలలకి జనరేటర్ అవతలి మూలకి మార్చి పైన పెట్టె కట్టారు. తలనొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. నెలకి ఒకటి రెండుసార్లు వస్తుంది, అది నాకు పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే.

పీజీ_రెండో_ఏడు:
అమ్మా, మీ నోటుబుక్కు పద్ధతి మా ప్రొఫెసర్లకి చూపించాలి. ఒళ్లు తరంగాలకి తట్టుకోదు అని చెప్పేవాళ్ల మీద 2005లో ఒక సమీక్ష వచ్చింది. 31 ప్రయోగాలు, 725 మంది. తరంగం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా పరీక్షిస్తే పసిగట్టగలరనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అయితే వాళ్ల నొప్పి మాత్రం నిజమైనదే. కారణం మీకులా ఇంకోచోట దొరకచ్చు.

సంగారెడ్డి_పోరడు:
నా కథ ఇనుండ్రి, నవ్వకుండ్రి. నేను ఫోన్ల రేడియేషన్ మీటర్ అని ఓ యాప్ ఏస్కున్న. ఏ రూంల వెట్టినా 40, 42 అని ఎర్రగ చూపెడుతుండె. మంచం మూడుసార్లు జరిపిన, మా అమ్మ తిట్టింది. ఆఖరికి మా పొలంకాడికి పోయి చూసిన, అక్కడ కరెంటే లేదు, ఆడ గూడ 41! అప్పుడు సమజైంది, ఈ యాప్‌ది ఏదో మోసమని.

డ్రైవ్‌టెస్ట్_బాబాయ్:
పోరడు తమ్మీ, అది దిక్సూచి. నీ ఫోన్లో ఉత్తరం చూపించే సెన్సర్ భూమి అయస్కాంతాన్ని కొలిచి చూపిస్తోంది, మన వైపు 40 మైక్రోటెస్లాలకి (అయస్కాంత బలానికి కొలత) అటూ ఇటూ ఉంటుంది. టవర్ తరంగాల్ని ఆ సెన్సర్ పట్టలేదు.

సంగారెడ్డి_పోరడు:
గట్లనా! ఇంకోటి. గా యాప్ పట్టుకొని ఫ్రిజ్ కాడికి పోతే చేతికి జివ్వుమన్నది. రేడియేషనే అనుకున్న. ఎలక్ట్రీషియన్ అన్నొచ్చి చూస్తే ప్లగ్గుల మూడో పిన్నుకు వైరే లేదు. ఇంటెనుక ఎర్త్ గుంత ఎండిపోయి పగుళ్లు బట్టింది. వైరు కలిపి, గుంతల ఉప్పు, బొగ్గు ఏసి నీళ్లు వోసిండు. ఇప్పుడు ఎండకాలం రోజు ఓ బకెట్ పోస్తున్న. తరంగాల సంగతేమో గానీ గా ఫ్రిజ్ ఎన్నడో ఓనాడు మా అమ్మను తీసుకుపోతుండె.

కనిగిరి_రైతు:
మా చేనిపై నుంచి 400 కేవీ లైను పోయింది. తీగ కింద ట్యూబులైటు చేత్తో పట్టుకుంటే మసక మసకగా వెలుగుద్ది, పిల్లలు రాత్రిపూట అదే ఆట. ఇనుప కంచె ముట్టుకుంటే చురుక్కుమంటది. నిజంగా దయ్యమే అనుకున్నాం. లైను ఇంజనీరు వచ్చి కంచెకి అక్కడక్కడా కడ్డీ దిగ్గొట్టి భూమికి కలపమన్నాడు. కలిపాక చురుకు పోయింది. ఇక్కడ జనానికి కీడు చేసింది వేరే, లైను కింద గడ్డివాము ఎత్తుగా వేయడం, పొడుగాటి ఇనుప పైపులు నిలబెట్టి ఎత్తడం. ఆ తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు లాగేస్తది.

పీజీ_రెండో_ఏడు:
లైన్ల విషయంలో ఒక ప్రశ్న ఇంకా తెగలేదు. 1979లో అమెరికాలోని డెన్వర్‌లో పిల్లల లుకేమియా (రక్త కేన్సర్) మీద మొదటి పరిశోధన వచ్చింది. తర్వాతి పరిశోధనల్లో, కరెంటు వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం (భూమిదిలా నిలకడగా ఉండదు, ఊగుతుంటుంది) సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాలు దాటిన కొద్ది ఇళ్లలో కాస్త ఎక్కువ కేసులు కనబడ్డాయి, కారణం అదేనని మాత్రం తేలలేదు. ఇల్లు కట్టేవాళ్లు లైనుకి వదలాల్సిన దూరం వదిలి కట్టండి. అది ఎలాగూ కరెంటు షాకు కోసమైనా వదలాలి.

డాలస్_ఆడపడుచు:
మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది, పోయిన వేసవిలో తెనాలి నుంచి వచ్చారు. నా ఇండక్షన్ పొయ్యి దగ్గరికి వెళ్లి పులిహోర కలుపుతానని ఒకటే తపన. డాక్టరు చెప్పిందేమంటే పొయ్యికి రెండడుగుల దూరం, ఫోను చొక్కా జేబులో వద్దు, కనీసం 15 సెంటీమీటర్లు దూరంగా, పేస్‌మేకర్ లేని వైపు చెవికి పెట్టుకుని మాట్లాడాలి. పొయ్యి నేను చూసుకుని, పోపు వేశాక గిన్నె బల్ల మీదికి తెచ్చి ఇచ్చాను, కూర్చుని కలిపారు. ఎలక్ట్రానిక్ పరికరం ఒంట్లో ఉన్నవాళ్లకి ఈ జాగ్రత్త నిజంగా అవసరం, దీన్ని మిగతా భయాలతో కలిపెయ్యకండి.

స్టిక్కర్ గురించి: 2021లో నెదర్లాండ్స్ అధికారులు 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్మిన లాకెట్లు, బ్రేస్‌లెట్లు లాంటి పది వస్తువులు పరీక్షిస్తే, వాటిలోంచే అణు రేడియేషన్ వస్తోందని తేలింది. వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. మెళ్లో వేసుకున్నది అది!

డ్రైవ్‌టెస్ట్_బాబాయ్:
దానికి తోడు ఇంకో సంగతి. ఆ స్టిక్కర్ నిజంగా తరంగాల్ని ఆపిందే అనుకోండి, ఫోను సిగ్నల్ అందక మరింత గట్టిగా అరుస్తుంది. ఆపకపోతే 1,499 బూడిదలో పోసినట్టే. ఎటు చూసినా దండగ.

కాలువగట్టు:
మూడు వారాల తర్వాత వస్తున్నా, మన్నించండి. 4,000 కట్టాను. ఇద్దరొచ్చారు, నన్నూ పైకి రమ్మన్నారు. మూడు కాళ్ల స్టాండు మీద తెల్ల బంతిలాంటి మీటర్ పెట్టి మా బాల్కనీలో, పడకగదిలో, డాబా మీద కొలిచారు. అన్నిచోట్లా పరిమితిలో వందో వంతు లోపే. బాల్కనీలో కన్నా పడకగదిలో ఇంకా తక్కువ, గోడ అడ్డం కదా. రిపోర్టు కాపీ ఫోటో తీసి అత్తగారికి పంపా. "అయినా చూసుకోండి నాయనా" అన్నారు. ఆ 'అయినా' ఎప్పటికీ పోదని అర్థమైంది.

నేను మార్చుకున్నది ఒకటే, ఇద్దరం ఫోన్లు దిండు కింద పెట్టుకోవడం మానేశాం, పొడుగు కాల్స్ స్పీకర్లో మాట్లాడుతున్నాం. రూటర్ సోఫా వెనక నుంచి హాల్లో అల్మారా పైకి మార్చా. టిఫా స్కాన్ అయింది, అంతా బాగుంది.

కాకపోతే డాబా మీదికి వెళ్లినప్పుడు గమనించా, జనరేటర్ దిమ్మె మా పడకగది వైపే పోశారు, ఇంకా మిషన్ రాలేదు. సీతమ్మవాకిలి గారూ, మీరు ఇచ్చిన లెటర్ ఉంటే పెడతారా? ఆదివారం వాళ్ల అసోసియేషన్ మీటింగ్ ఉంది, అది రాకముందే ఇవ్వాలని.

సీతమ్మవాకిలి:
మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఉంది, సాయంత్రం వాడు రాగానే పెట్టిస్తాను. దిమ్మె ఫోటో తీసి ఉంచుకోండి, తేదీ పడేలాగ.