పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో శిక్ష తక్కువ పడింది, రివిజన్ (కింది కోర్టు తీర్పును సరిచూడమని పైకోర్టును కోరే పిటిషన్) మేమే వేయొచ్చా?

మాది శ్రీకాకుళం జిల్లా. పిల్ల వివరాలు బయటపడకూడదు కాబట్టి ఊరు రాయడం లేదు. నేరం 2021లో జరిగింది, అప్పటికి మా మేనకోడలికి 13 ఏళ్లు. పోక్సో సెక్షన్ 4 (అత్యాచారం లాంటి లైంగిక దాడికి శిక్ష) కింద 10 ఏళ్ల జైలు వేశారు. 2019 సవరణ ప్రకారం 16 ఏళ్లలోపు పిల్లలైతే కనీసం 20 ఏళ్లు కదా! తీర్పు కాపీలోనే పుట్టినతేదీ ఉంది, ఎర్ర పెన్నుతో గీసి మరీ చూపించాను. పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారికి రెండుసార్లు అర్జీ ఇచ్చాం, "శిక్ష పడింది కదా, ఇంకేంటి" అంటున్నారు. శిక్ష పెంచమని బాధితులు అప్పీలు వేయలేరని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందని, ప్రభుత్వమే వేయాలని మా లాయరు అన్నారు. ప్రభుత్వం అప్పీలు వేయడానికి ఉన్న 60 రోజుల గడువులో 41 రోజులు అయిపోయాయి, టెన్షన్‌గా ఉంది. ముద్దాయి మాత్రం అప్పీలు వేసేశాడు. ప్రభుత్వం కదలకపోతే, శిక్ష పెంచమని అమరావతి హైకోర్టులో మేమే రివిజన్ వేయొచ్చా?