పొత్తిళ్ళలో చుట్టేటప్పుడు పసిబిడ్డ కాళ్ళు చాపి కట్టాలా, వదిలేయాలా?

కొత్తమ్మ (గుంటూరు): మా పాప పుట్టి ఇంకా నెల నిండలేదు. నిద్రలో ఉన్నట్టుండి రెండు చేతులూ బారచాపి, ఉలిక్కిపడి ఏడుస్తోంది. పాత నూలు చీర ముక్కలో చుడితే హాయిగా పడుకుంటోంది గాని, వంకర పోకుండా కాళ్ళు చాపి కట్టాలని మా అత్తయ్యగారు, కాళ్ళను కట్టవద్దని ఆసుపత్రిలో నర్సు చెబుతున్నారు. మీ ఇళ్ళలో ఎలా చుట్టారో దయచేసి వివరంగా రాయండి.

ఇద్దరు పిల్లల తల్లి (వరంగల్): ఆ ఉలికిపాటు జబ్బు కాదమ్మా. వైద్యులు దానిని మోరో ప్రతిచర్య అంటారు; కొన్ని నెలలకు దానంతటదే పోతుంది. గుడ్డను ఒక మూల పైకి వచ్చేలా పరిచి, ఆ మూలను లోపలికి మడిచి, మడత అంచు భుజాల ఎత్తుకు వచ్చేలా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక పక్క అంచును చేతి మీదుగా తెచ్చి ఎదురు వైపు వీపు కిందకు దోపి, కింది కొసను కాళ్ళ మీదికి వదులుగా మడిచి, ఆ తరువాతే రెండో పక్క చుట్టాలి. ఛాతీకీ గుడ్డకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. మోకాళ్ళు కప్పకాళ్ళలా రెండు పక్కలకూ విచ్చుకోవాలి.

ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్): కాళ్ళ విషయంలో నర్సు మాటే సరైనది. కడుపులో ముడుచుకుని ఉన్న కాళ్ళు పుట్టాక కొంతకాలం వంగి ఉండటం సహజం, అవి కట్టకుండానే సాపు అవుతాయి. బలవంతంగా చాపి బిగిస్తే, ఇంకా మెత్తగా ఉన్న తుంటి గిన్నెలో తొడ ఎముక తల సరిగా కుదురుకోక, కీలు జారే ప్రమాదం ఉంది. జపానులో 1975లో కాళ్ళు చాపి చుట్టవద్దని దేశమంతటా ప్రచారం మొదలుపెట్టాక ఈ సమస్య బాగా తగ్గిపోయింది. బిడ్డను చంకన వేసుకునే మన అలవాటు మాత్రం తుంటికి మేలే చేస్తుంది, ఆ సంగతి అత్తయ్యగారికి తప్పక చెప్పండి. పాప ఎదురుకాళ్ళతో పుట్టి ఉంటే తుంటిని ఒకసారి పిల్లల వైద్యులకు చూపించండి.

ఒక నాన్న (కర్నూలు): మా వైపు ఎండలకు పలుచని నూలు గుడ్డ ఒక్క పొర చాలు, ఇంట్లో టోపీ అక్కరలేదు. అరచేతులు చల్లగా ఉన్నాయని ఇంకో దుప్పటి కప్పకండి. మెడ వెనుక చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్కడ చెమట పడితే గుడ్డ విప్పేయాలి.

ప్రవాసి (డల్లాస్): ఇక్కడ జిప్పు ఉన్న సంచులు దొరుకుతాయి, రాత్రిపూట నిద్రమత్తులో అవే సులువు. బరువు కుట్టిన రకాలు మాత్రం కొనకండి, అమెరికా పిల్లల వైద్యుల సంఘం వాటిని వద్దంటోంది. చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

కొత్తమ్మ (గుంటూరు): అందరికీ కృతజ్ఞతలు. ఇంతకీ ఎన్ని నెలల వరకు చుట్టవచ్చు?

ఇద్దరు పిల్లల తల్లి (వరంగల్): నెలలు లెక్కపెట్టుకోవద్దు. బోర్లా పడితే బొబ్బట్లు వండుతాం కదా, ఆ బొబ్బట్ల దాకా ఆగకూడదు. బిడ్డ పక్కకు ఒరిగే ప్రయత్నం మొదలుపెట్టగానే మానేయాలి, ఎందుకంటే చేతులు కట్టి ఉండగా బోర్లా పడితే ముఖం తిప్పుకోలేదు. మరొక మాట, పాలు పట్టేటప్పుడు గుడ్డ విప్పండి. ఆకలి వేసిన బిడ్డ ఏడుపుకు ముందే చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది, చుట్టి ఉంచితే అది మనకు కనబడదు.