థింక్‌ప్యాడ్ టీ480 ఫ్యాన్ గరగర: మార్చాలా, నూనె వేస్తే సరిపోతుందా?

పాతథింక్‌ప్యాడ్: నా లాప్‌టాప్ టీ480, ప్రాసెసర్ ఐ5-8250యూ, విడి గ్రాఫిక్స్ చిప్ లేదు. ఆన్ చేయగానే ఫ్యాన్ గరగరలాడుతోంది, ఒక్కోసారి ‘ఫ్యాన్ ఎర్రర్’ అని చూపించి ఆగిపోతోంది. ఎంఎక్స్150 అనే విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న మోడల్‌కి వచ్చే రెండు పైపుల హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే రాగి భాగం) దీనికి పడుతుందా? ఆన్‌లైన్లో కొనాలా, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్ళాలా? మార్చాక చప్పుడు ఇంకా తగ్గించే దారి ఉందా?

సర్వీస్‌బెంచ్: ముందు బ్యాటరీ. టీ480లో రెండు ఉంటాయి. వెనకది ఊడదీసి ‘అయిపోయింది’ అనుకుని లోపలి బ్యాటరీ కరెంటుతోనే స్క్రూడ్రైవర్ పెట్టేస్తారు, అక్కడే బోర్డులు పోతాయి. చార్జర్ పీకేయండి. లాప్‌టాప్ మూల సెట్టింగ్‌లుండే బయోస్‌లో కాన్ఫిగ్, పవర్, ‘డిసేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ’ కొట్టండి. మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు వెనక బ్యాటరీ తీసి అడుగు మూత విప్పండి. మూతకున్న ఆరు స్క్రూలు ఊడి బయటికి రావు, లాగకండి.

కుట్టుమిషన్: దేనికండీ ఇదంతా, ఫ్యాన్ మీద స్టిక్కర్ ఎత్తి ఒక చుక్క నూనె వేస్తే గరగర పోతుంది. ఇంట్లో ఏ నూనె ఉంటే అది.

బోర్డుడాక్టర్: “ఏ నూనె ఉంటే అది” అని రాయకండి, నమ్మి వేసేవాళ్ళుంటారు. కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, చలికాలం పొద్దున ఫ్యాన్ కదలదు. డబ్ల్యూడీ-40 ఉన్న గ్రీజును కూడా కడిగేసి ఆవిరైపోతుంది. బోర్డు రిపేర్ నా వృత్తి, ఊరికే చెప్పట్లేదు.

కుట్టుమిషన్: వృత్తి అయితే కొత్త పార్టు అమ్ముకోవాలిగా సార్. నేను చెప్పింది కుట్టు మిషన్ నూనె గురించే.

బోర్డుడాక్టర్: అమ్మకం మాట ఎత్తకండి. బేరింగ్ గురించి మాట్లాడదాం. ఇందులో ఇరుసు తిరిగేది నూనె పీల్చిన కంచు బుష్‌లో. నూనె ఎండిపోవడం వేరు, బుష్ రంధ్రం అరిగి కోలగా అవడం వేరు. మొదటిదైతే చుక్క నూనె పనిచేస్తుంది. రెండోదైతే కొన్నాళ్ళకే మళ్ళీ మొదలు. రెక్కను వేలితో పక్కకి ఊపి చూడండి, ఆట (వదులు కదలిక) ఉంటే ఆ ఫ్యాన్ పని అయిపోయింది. ‘ఫ్యాన్ ఎర్రర్’ దాకా వచ్చిందంటే వేగం చెప్పే టాకో సిగ్నల్ బయోస్‌కి సరిగ్గా అందట్లేదు. అక్కడ నూనె మీద ఆశ పెట్టుకోకూడదు.

చిన్నస్క్రూ: అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. హీట్‌సింక్ పడుతుంది. జీపీయూ (విడి గ్రాఫిక్స్ చిప్) మీద కూర్చోవాల్సిన రాగి పలక మీ బోర్డులో ఖాళీ చోటు మీద వేలాడుతుంది. దాని అడుగున కాప్టన్ టేప్ (వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని టేప్) అంటించండి, కింద చిన్న కెపాసిటర్లకు తగలకూడదు. లాభం లోడ్ ఎక్కువసేపు నడిచినప్పుడే, బ్రౌజింగ్‌కి తేడా తెలియదు.

గేమింగ్‌గది: వేరే లాప్‌టాప్ పెద్ద ఫ్యాన్ తెచ్చి వైర్లు అతికిస్తే? నాలుగు వైర్లే కదా.

బోర్డుడాక్టర్: నాలుగైనా, రంగులకి ఒక పద్ధతి లేదు. ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీకి టాకో కావచ్చు. పైగా గేమింగ్ మోడళ్ళలో 12 వోల్టుల ఫ్యాన్లు ఉన్నాయి, ఇక్కడ వచ్చేది 5 వోల్టులు. అంత తక్కువ వోల్టేజీతో అది లేవదు, లేచినా నీరసంగా తిరుగుతుంది. టీ480కి హీట్‌సింక్, ఫ్యాన్ కలిపి ఒకే పార్టు, అదే తెచ్చుకోండి.

సర్వీస్‌బెంచ్: ఫ్యాన్ కనెక్టర్‌ని వైరు పట్టుకుని లాగకండి. ప్లాస్టిక్ పుల్లతో రెండు వైపులా కొంచెం కొంచెం కదిలించండి. బోర్డు మీది సాకెట్ ఊడితే మైక్రోస్కోప్ కింద సోల్డరింగే గతి. హీట్‌సింక్ స్క్రూలకు పక్కన అంకెలుంటాయి. ఆ వరుసలో అన్నీ కొంచెం కొంచెం వదులు చేయాలి. ఒకటి పూర్తిగా విప్పి ఇంకోదానికి వెళ్తే డై (ప్రాసెసర్ సిలికాన్ పలక) మూల చిట్లుతుంది.

వేడిగాలి: చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేసే పేస్ట్ మాటేమిటి? లిక్విడ్ మెటల్ వేసేయమనండి!

చిన్నస్క్రూ: వద్దన్నా. అందులోని గాలియం కరెంటు పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. 15 వాట్ల చిప్‌కి అంత సాహసం అనవసరం. పాత పేస్ట్ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బియ్యపు గింజంత ఎంఎక్స్-4 పేస్ట్ చాలు. ఎక్కువకాలం ఉండాలంటే పేస్ట్ బదులు పీటీఎం7950 అనే పల్చటి షీట్. అతికించేముందు కాసేపు ఫ్రిజ్‌లో పెడితే ప్లాస్టిక్ పొర సులువుగా ఊడుతుంది. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి డై మీద సర్దుకుంటుంది, అందుకే మొదటిరోజు కొలతలు చూసి తీర్పు ఇవ్వకండి.

కుట్టుమిషన్: దుమ్ము సంగతి ఎవరూ అనలేదు. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము చాపలా పేరుకుంటుంది, బయటనుంచి బ్లోయర్ కొడితే అక్కడే ఇంకా గట్టిపడుతుంది. హీట్‌సింక్ బయటికి తీసినప్పుడు వెలికి లాగండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపి ఉంచండి, లేకపోతే హద్దు దాటి తిరిగి బుష్ అరుగుతుంది.

బోర్డుడాక్టర్: ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

లైనక్స్‌బాబాయ్: చప్పుడు తగ్గించడానికి లైనక్స్‌లో ఫ్యాన్ వేగం సర్దే ప్రోగ్రామ్ థింక్‌ఫ్యాన్ ఉంది. ‘థింక్‌ప్యాడ్ ఏసీపీఐ’ మాడ్యూల్‌లో ‘ఫ్యాన్ కంట్రోల్’ 1 చేయాలి, లేకపోతే ఆదేశం తీసుకోదు. లెవెల్స్ 0 నుంచి 7. వాటి ఉష్ణోగ్రత హద్దులు ఒకదానిమీద ఒకటి పడేలా రాయండి. లెవెల్ 1ని 48–58, లెవెల్ 2ని 55–65 చేస్తే ఫ్యాన్ మాటిమాటికీ పెరిగి తగ్గదు. లెవెల్ 7 హద్దు దాటిన డిగ్రీలకు ‘ఆటో’ వదలండి. విండోస్‌లో ఇదే పనికి టీపీఫ్యాన్‌కంట్రోల్.

పాతథింక్‌ప్యాడ్: రెక్కలో ఆట స్పష్టంగా ఉంది. రెండు పైపుల పార్టే తెస్తాను. కొనేచోటు ఎవరూ చెప్పలేదు.

సర్వీస్‌బెంచ్: ఎక్కడ కొన్నా పాత పార్టు చేతికి తీసుకుని వెళ్ళండి. స్టిక్కర్ మీది ఎఫ్‌ఆర్‌యూ నంబరు (కంపెనీ పార్టు నంబరు) కాదు, కనెక్టర్ వైపు, వైరు పొడవు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నంబరు అంటించిన నకిలీల్లో ముందు తేడా కనిపించేది వైరు దగ్గరే.